పీఎస్ఏ చీటీ నుంచి పెట్ స్కాన్ దాకా: ప్రోస్టేట్ క్యాన్సర్ ఫైల్లో జన్యువుల జాడ

వరంగల్, హనుమకొండ నుంచి హైదరాబాద్ పెద్దాసుపత్రులకు బయల్దేరే ప్రోస్టేట్ క్యాన్సర్ పేషెంట్ల చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. అందులో పీఎస్ఏ అనే ప్రోస్టేట్ ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్ష చీటీలు, బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు, బోన్ స్కాన్ ఫిల్ము, ఈమధ్య అయితే క్యాన్సర్ కణాలను వెలిగించి చూపే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ సీడీ. "ఒకటే జబ్బుకు ఇన్ని పరీక్షలెందుకు?" అని ఇంటివాళ్లు విసుక్కుంటారు. విసుగు సహజమే. కానీ ఆ ఫైల్లోని దాదాపు ప్రతి కాగితమూ క్యాన్సర్ కణంలో ఏదో ఒక జన్యువు ఎంత తెరుచుకుంది, ఎంత మూసుకుపోయింది అన్నదాన్నే వేరే వేరే దారిలో చెబుతోంది. జబ్బు ప్రోస్టేట్‌లోనే కూర్చుంటుందా, వెన్నెముకలోకి పాకుతుందా అన్నది కూడా చాలావరకు ఆ తెరుచుకోవడం, మూసుకోవడంలోనే తేలుతుంది.

పుస్తకాల్లో దీని పేరు జన్యు వ్యక్తీకరణ. మాట బరువుగా ఉంది గానీ, చెరువు కింద వ్యవసాయం చూసినవాళ్లకు విషయం కొత్తది కాదు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అదే డీఎన్ఏ ఉంటుంది, ప్రొటీన్లు తయారుచేసే అవే 20 వేల జన్యువులు ఉంటాయి. కాలేయ కణం వేరు, ప్రోస్టేట్ కణం వేరు కావడానికి కారణం వాటిలో ఏ జన్యువులు పనిలో ఉన్నాయన్నదే. పాకాల చెరువులో నీళ్లు ఒకటే. ఏ తూము ఎంత ఎత్తారన్నదాన్ని బట్టి ఏ పొలం పారుతుందో, ఏది ఎండుతుందో తేలుతుంది. తూము ఎత్తేది నీరటి. కణంలో ఆ పని చేసే ప్రొటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. తూము లేచిందంటే డీఎన్ఏ నుంచి ఆర్‌ఎన్ఏ అనే నకలు తయారవుతుంది, ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారవుతుంది. ప్రోస్టేట్‌లో పెద్ద నీరటి పేరు ఆండ్రోజెన్ రిసెప్టర్. ఆండ్రోజెన్లు అంటే మగ హార్మోన్లు; టెస్టోస్టెరాన్ గానీ, దానికన్నా బలమైన డీహెచ్‌టీ గానీ వచ్చి అతుక్కుంటే అది కణ కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువులను తెరుస్తుంది.

అందులో ఒకటి కేఎల్‌కే3. అది తయారుచేసే ప్రొటీనే పీఎస్ఏ. వీర్యాన్ని పలచబరచడం దాని పని. ఇక్కడే ఒక చిక్కు ఉంది. పీఎస్ఏ పెరిగితే క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా తయారుచేస్తున్నాయని అందరం అనుకుంటాం. ఒక్కో కణం లెక్కన చూస్తే క్యాన్సర్ కణం చేసేది మామూలు కణం కన్నా తక్కువే. వీర్యంలో ఉండే పీఎస్ఏ మామూలుగా రక్తంలో కన్నా దాదాపు పది లక్షల రెట్లు ఎక్కువ. ప్రోస్టేట్ గ్రంథి గోడలు సరిగ్గా ఉన్నంతకాలం అది లోపలి నాళాల్లోనే పారుతుంది. గోడలు చెదిరితే రక్తంలోకి ఊరుతుంది. అంటే రక్తంలో పెరిగిన పీఎస్ఏ ముందుగా చెప్పేది కట్టకు గండి పడిందన్న సంగతి. ఆ గండి క్యాన్సర్ వల్లే పడాలని లేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, పైపు వేసినా పడుతుంది. అందుకే ఇన్‌ఫెక్షన్ తగ్గాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తారు.

ఇంకో పొరపాటు మందుల షాపు దగ్గర మొదలవుతుంది. ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే డ్యూటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ మాత్రలు టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మారనివ్వవు. నీరటికి బలం తగ్గుతుంది, కేఎల్‌కే3 తూము కిందికి దిగుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది వాడేసరికి పీఎస్ఏ సగమవుతుంది. చీటీలో 3 అని ఉంటే డాక్టరు దాన్ని 6 అని చదవాలి. డ్యూటాస్టెరైడ్ చాలాసార్లు, మూత్రం సాఫీగా పోవడానికి ఇచ్చే టామ్‌సులోసిన్‌తో కలిసి ఒకే మాత్రగా వస్తుంది కాబట్టి తాము వాడుతున్న సంగతే కొందరికి తెలియదు. మాత్రల అట్ట పారేయకుండా ఫైల్లో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

బయాప్సీ రిపోర్టులో రెండు రకాల మాటలు ఉంటాయి. గ్లీసన్ స్కోరు ఆకారానికి సంబంధించింది. 1966లో డొనాల్డ్ గ్లీసన్ చెప్పిన పద్ధతి అది, గ్రంథులు ఎంత చెదిరిపోయాయో మైక్రోస్కోపులో చూసి వేసే మార్కు. 3+4, 4+3 రెండూ కూడితే 7 అయినా రెండూ ఒకటి కాదు. ముందున్న అంకె ఎక్కువ భాగంలో కనిపించిన ఆకారానిది కాబట్టి 4+3 ముదురు. ఇక రెండో రకం మాటలు జన్యువులు చేసే ప్రొటీన్లవి, ముక్కకు రంగు వేసి వాటిని చూస్తారు: పీ63, హై మాలిక్యులర్ వెయిట్ కెరాటిన్, ఏఎంఏసీఆర్. మామూలు గ్రంథికి లోపలి వరస కణాల చుట్టూ బేసల్ కణాల వరస ఒకటి కాపలాగా ఉంటుంది. పీ63 రంగు పట్టేది ఆ కాపలా కణాలకే. క్యాన్సర్‌లో ఆ వరస మాయమవుతుంది, ఏఎంఏసీఆర్ ఎక్కువవుతుంది. "పీ63 నెగెటివ్" అని చూసి "నెగెటివ్ వచ్చింది కదా, ఏం లేదట" అని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఉన్నారు. ఇక్కడ నెగెటివ్ మంచి కబురు కాదు, కాపలా పోయిందని అర్థం.

తూము ఒకరిది, కాలువ ఇంకొకరిది

క్యాన్సర్ కణం గడప దాటడానికి ఏ జన్యువులు కావాలి? ఈ ప్రశ్నకు పెద్ద జవాబు ఒకటి 2005లో దొరికింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ టామ్లిన్స్, అరుల్ చిన్నయ్యన్ బృందం క్యాన్సర్ ముక్కల్లో అతిగా తెరుచుకున్న జన్యువులను వెతికి, టీఎంపీఆర్‌ఎస్ఎస్2, ఈఆర్‌జీ అనే రెండు జన్యువులు అతుక్కుపోయి ఉన్నాయని కనిపెట్టింది. రెండూ 21వ క్రోమోజోము మీదే, దాదాపు 30 లక్షల డీఎన్ఏ అక్షరాల దూరంలో ఉంటాయి. మధ్య ముక్క ఊడిపోవడంతోనో, తారుమారు కావడంతోనో ఒకదాని మొదలు ఇంకొకదానికి తగులుకుంటుంది. టీఎంపీఆర్‌ఎస్ఎస్2 మొదట్లో ఉండేది ఆండ్రోజెన్ ఎత్తే తూము. ఈఆర్‌జీ అయితే ప్రోస్టేట్ గ్రంథి కణంలో మామూలుగా మూసి ఉండాల్సిన జన్యువు. ఇప్పుడు టెస్టోస్టెరాన్ వచ్చినప్పుడల్లా ఎవరి తూమో లేస్తుంది, ఎవరి పొలమో పారుతుంది. (టీఎంపీఆర్‌ఎస్ఎస్2 పేరు కోవిడ్ రోజుల్లో కూడా వినిపించింది. కరోనా వైరస్ ఊపిరితిత్తుల కణాల్లోకి దూరడానికి వాడుకునేది ఈ ప్రొటీన్‌నే.)

ఈఆర్‌జీ కూడా ఒక నీరటే. అది తెరిచే జన్యువుల్లో చుట్టూ ఉన్న పొరను కరిగించే ఎంజైములవి కొన్ని. కణం పక్కకు తోసుకుపోవడానికి అవి దారి చేస్తాయి. పాశ్చాత్య దేశాల పేషెంట్లలో సుమారు సగం మందిలో ఈ అతుకు కనిపిస్తుంది, జపాన్, చైనా పురుషుల్లో తక్కువ. అలాగని ఈఆర్‌జీ ఒక్కటే జబ్బును ముదరపెట్టదు. పీటెన్ అనే బ్రేకు జన్యువు కూడా పోయినప్పుడే దాని ప్రతాపం కనిపిస్తుందని ఎలుకల మీద పరీక్షల్లో తేలింది. కాబట్టి రిపోర్టులో ఈఆర్‌జీ పాజిటివ్ అని ఉన్నంత మాత్రాన ఇది పాకే రకం అని తేల్చేయడం తొందరపాటు.

పాకే రకానికి ఇంకా దగ్గరి గుర్తు ఈజెడ్‌హెచ్2. ప్రోస్టేట్‌లోనే ఉన్న గడ్డలను, వేరే అవయవాలకు పాకిన గడ్డలను పక్కపక్కన పెట్టి జన్యు వ్యక్తీకరణ పోల్చినప్పుడు, పాకిన వాటిలో ఇది బాగా పెరిగి ఉందని 2002లో సూర్యనారాయణ వరంబల్లి, చిన్నయ్యన్ తదితరులు ప్రకటించారు. ఈజెడ్‌హెచ్2 పని తూములు ఎత్తడం కాదు, దించి బిగించడం. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద మిథైల్ గుర్తులు పెడుతుంది. ఆ గుర్తు పడ్డ జన్యువు అక్షరం మారకుండానే మూగబోతుంది. అలా మూగబోయే వాటిలో ఈ-క్యాడ్హెరిన్ తయారుచేసే జన్యువు ఒకటి. కొత్తవాడ జంపఖానాలో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు పక్కపక్క కణాలను పట్టి ఉంచే ప్రొటీన్ అది. అది తగ్గితే పోగు వదులవుతుంది. స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 అనే ఇంకో మూడు ప్రొటీన్లు కూడా అదే జన్యువును అణిచి, కణాన్ని కుదురుగా ఉండే గ్రంథి కణం నుంచి సాగిన, కదిలే కణంగా మారుస్తాయి.

ఇందులో అసలు కిటుకు చాలామంది దాటేస్తారు. ఎముకకు చేరి గూడు కట్టుకున్నాక అదే క్యాన్సర్ కణాల్లో ఈ-క్యాడ్హెరిన్ చాలాసార్లు మళ్లీ కనిపిస్తుంది. జన్యువు చెడిపోయి ఉంటే అది తిరిగి వచ్చేది కాదు. కట్ట తెగడం వేరు, తలుపు దించడం వేరు. దించిన తలుపు ఎత్తొచ్చు. పాకడానికి వదులైన కణమే స్థిరపడటానికి మళ్లీ అతుక్కుంటోంది. ఒక్క మ్యుటేషన్ల (డీఎన్ఏ అక్షరాల మార్పుల) జాబితా చూసి క్యాన్సర్ పాకడాన్ని అర్థం చేసుకోలేకపోవడానికి కారణం ఇదే.

ల్యాబులో ఎక్కడ తప్పుతుంది

కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఇంకోచోటనో లైఫ్ సైన్సెస్ చదివే పిల్లలు "ఈ జన్యువును ఆపితే పాకడం తగ్గింది" అన్న పేపర్లు చదువుతుంటారు, ప్రాజెక్టుల్లో చేస్తుంటారు కూడా. దాన్ని కొలిచే మామూలు పద్ధతి ట్రాన్స్‌వెల్. 8 మైక్రాన్ల రంధ్రాలున్న పొర మీద మ్యాట్రిజెల్ అనే జెల్లీ పూసి, పైన సీరం (కణాలను పెంచే రక్తద్రవం) లేని ద్రవంలో కణాలు, కింద 10 శాతం సీరం పెడతారు. 24 గంటలయ్యాక కిందివైపు చేరిన కణాలకు క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి లెక్కపెడతారు. తప్పులు ఇక్కడ వరసగా దొర్లుతాయి. 48 గంటలు ఉంచితే కణాలు విభజన చెంది పెరుగుతాయి, దాంతో పెరగడాన్ని పాకడంగా లెక్కేస్తారు. ఆండ్రోజెన్ ప్రభావం చూడాలని పీసీ-3 అనే ల్యాబు కణాలు తీసుకుంటారు. ఎముకకు పాకిన గడ్డ నుంచి వచ్చిన ఆ కణాల్లో పనికొచ్చేంత ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉండదు, నీరటే లేని ఊళ్లో తూము లెక్క అడిగినట్టు. అందుకు ఆ రిసెప్టర్ ఉన్న ఎల్ఎన్‌క్యాప్ కణాలు కావాలి. మామూలు సీరంలో హార్మోన్లు ముందే ఉంటాయి కాబట్టి బొగ్గుతో హార్మోన్లు తీసేసిన సీరం వాడాలి.

ఎస్ఐఆర్‌ఎన్ఏ అనే చిన్న ఆర్‌ఎన్ఏ తునకతో జన్యువును ఆపినప్పుడు ఒక్క తునకే వాడితే అది వేరే జన్యువును తాకి ఉండొచ్చు. కనీసం రెండు వేరు వేరు వరసలు ఒకే ఫలితం ఇవ్వాలి. ఆర్‌ఎన్ఏను కొలిచే పీసీఆర్ పరీక్షలో అది తగ్గిందని సంబరపడితే చాలదు, పాత ప్రొటీన్ ఇంకా మిగిలి ఉండొచ్చు. 48 నుంచి 72 గంటలకు ప్రొటీన్‌ను చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష చూసి నమ్మాలి. పీసీఆర్‌లో ఎన్నో చక్రానికి జాడ కనిపించిందో చెప్పే సీటీ విలువ ఒకటి మారితే రెట్టింపు తేడా, 3.3 మారితే పదింతలు. అర సీటీ తేడా మీద కథ అల్లిన పేపరును అనుమానంగానే చూడాలి.

ఎముకల్లోనే ఎందుకు

రక్తంలోకి దిగిన క్యాన్సర్ కణాల్లో అత్యధిక భాగం అక్కడే చచ్చిపోతాయి. మిగిలినవి అన్నిచోట్లా మొలవవు. ఏ విత్తు ఏ నేలలో మొలుస్తుందన్న ఈ ఆలోచన 1889 నాటిది, స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లండ్ సర్జన్ రొమ్ము క్యాన్సర్ మరణాలను పరిశీలించి చెప్పాడు. పత్తికి రేగడి, పల్లికి చెలక అన్నట్టు ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఎముక మజ్జ. మజ్జలోని కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే వాసన లాంటి ప్రొటీన్ వదులుతాయి, మూలకణాలను అక్కడ నిలిపి ఉంచేది అదే. సీఎక్స్‌సీఆర్4 జన్యువు తెరుచుకున్న క్యాన్సర్ కణం ఆ వాసన పట్టి అదే గూట్లోకి చేరుతుంది. చేరాక రన్‌ఎక్స్2 లాంటి ఎముక కణాల జన్యువులను కూడా తెరుస్తుంది. ఊరికొచ్చి ఊరి యాస నేర్చినట్టు.

తర్వాత ఎండోథెలిన్-1 వంటివి వదిలి ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక చిక్కగా, ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది గానీ అల్లిక సరిగ్గా లేకపోవడంతో గట్టిదనం ఉండదు. అందుకే ఫైల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే పరీక్ష కూడా ఉంటుంది, ఎముక కట్టే కణాలు ఎంత పనిలో ఉన్నాయో అది చెబుతుంది. బోన్ స్కాన్‌లో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం పట్టేది కూడా క్యాన్సర్‌ను కాదు, ఎముక కడుతున్న చోటును. అరిగిన మోకాలు, గతంలో విరిగిన పక్కటెముక కూడా ఫిల్ములో నల్ల మచ్చలుగా కనిపిస్తాయి. చికిత్స మొదలైన కొత్తలో పీఎస్ఏ తగ్గుతుండగానే స్కాన్ మరింత నల్లబడటం ఉంటుంది, ఎముక మానుతున్నప్పుడు కూడా ఆ కణాలు పనిలోనే ఉంటాయి కదా. ఆ ఒక్క ఫిల్ము చూసి మందు మార్చడం తప్పు.

పడుకున్నా తగ్గని నడుంనొప్పికి తోడు కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా ఆగొద్దు. వెన్నుపాము నలుగుతోందని అనుమానించి అదే రాత్రి వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. గంటలు గడిచేకొద్దీ కాళ్లు తిరిగి వచ్చే ఆశ తగ్గుతుంది.

నీరటిని ఆపితే

1941లో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ టెస్టోస్టెరాన్ తయారుచేసే వృషణాలు తీసేస్తే పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని చూపించారు. హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. ఇప్పటికీ చికిత్సకు పునాది అదే, ఆపరేషన్‌తో గానీ, టెస్టోస్టెరాన్ తయారీని ఆపే ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్‌తో గానీ. ఇంజెక్షన్‌కు ఒక మెలిక ఉంది. మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది. వెన్నెముకలో జబ్బున్నవాళ్లకు అది ప్రమాదం కాబట్టి ముందు రిసెప్టర్‌ను అడ్డుకునే బైకాల్యుటమైడ్ మాత్రలు మొదలుపెడతారు. "ఇంజెక్షన్ ఇస్తున్నరు కదా, మళ్లీ మాత్రలెందుకు" అని మానేయకూడదు. డెగరెలిక్స్ ఇంజెక్షన్‌తో, ఆపరేషన్‌తో ఈ సమస్య లేదు.

కొంతకాలానికి చాలామందిలో టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపే ఉన్నా పీఎస్ఏ పెరగడం మొదలవుతుంది. హార్మోన్ అందకపోయినా తూము ఎత్తుకునే ఉపాయాలు కణం కనిపెట్టిందన్నమాట. రిసెప్టర్ జన్యువు నకళ్లను పెంచుకుంటుంది, చిటికెడు హార్మోన్‌కే స్పందిస్తుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ముడిసరుకుతో తానే హార్మోన్ వండుకుంటుంది. అబిరాటెరోన్ ఆ వంటను ఆపే మందు. ఖాళీ కడుపున వేసుకోవాలి, అన్నంతో వేసుకుంటే రక్తంలోకి అనేక రెట్లు ఎక్కువ చేరుతుంది. తోడుగా ఇచ్చే ప్రెడ్నిసోలోన్ ఆపితే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది.

మూడో ఉపాయం ఇంకా గడుసుది. ఆర్‌ఎన్ఏ నకలును కత్తిరించి అతికేటప్పుడు హార్మోన్ అతుక్కునే భాగం లేకుండా పొట్టి రిసెప్టర్ తయారవుతుంది, దాని పేరు ఏఆర్-వీ7. పగ్గం పట్టుకునే చోటే లేదు కాబట్టి, హార్మోన్ అతుక్కునే ఆ భాగాన్నే పట్టి రిసెప్టర్‌ను ఆపే ఎంజాల్యుటమైడ్ మందుకు పట్టు దొరకదు. 2014లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 62 మందిలో రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను పరీక్షించారు. వారిలో 31 మంది ఎంజాల్యుటమైడ్, 31 మంది అబిరాటెరోన్ వాడుతున్నారు. ఏఆర్-వీ7 ఉన్న 18 మందిలో ఒక్కరికీ పీఎస్ఏ సగానికి తగ్గలేదు.

జన్యు పరీక్ష అంటే ఏ పరీక్ష?

ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పరీక్షలు దాగి ఉన్నాయి. "మా పిల్లలకు కూడా వస్తదా?" అన్న ప్రశ్నకు జవాబిచ్చేది రక్తంతోనో లాలాజలంతోనో చేసే వంశపారంపర్య పరీక్ష, బీఆర్‌సీఏ2 లాంటివి. పాకిన జబ్బున్న పురుషుల్లో దాదాపు 12 శాతం మందికి డీఎన్ఏ మరమ్మతు జన్యువుల్లో ఇలాంటి పుట్టుకతో వచ్చిన లోపం ఉందని 2016లో అమెరికా, బ్రిటన్ పేషెంట్లతో జరిగిన అధ్యయనం చూపించింది. రెండోది గడ్డలోని మ్యుటేషన్ల పరీక్ష. డీఎన్ఏ మరమ్మతు లోపం ఉన్న గడ్డలకు ఇచ్చే ఒలాపరిబ్ లాంటి మందు పనికొస్తుందా అన్నది ఈ రెండింటి మీద ఆధారపడుతుంది. మూడోది మాత్రమే జన్యు వ్యక్తీకరణ పరీక్ష, ఆర్‌ఎన్ఏ కొలత. డెసిఫర్ అనే పరీక్ష 22 గుర్తులను చూసి 0 నుంచి 1 మధ్య అంకె ఇస్తుంది. 0.45 లోపు పాకే అవకాశం తక్కువ, 0.60 దాటితే ఎక్కువ. ఇలాంటివే ఇంకో రెండు, ప్రోలారిస్ 46 జన్యువులు, ఆంకోటైప్ 17 జన్యువులు చూస్తాయి. ఇవి పిల్లల గురించి ఏమీ చెప్పవు. అప్పటికే ఎముకలకు పాకిన పేషెంటుకు వీటికి డబ్బు పెట్టడం దండగ, పాకుతుందా అని అడిగే దశ దాటిపోయింది. ఆపరేషనా, రేడియేషనా, కొన్నాళ్లు కనిపెట్టి ఉండటమా అని డాక్టరే ఊగిసలాడే గ్లీసన్ 7 దగ్గర వీటికి విలువ.

పరీక్ష ఏదైనా కణజాలం బాగుండాలి. ముక్కను తీసిన వెంటనే పరిమాణానికి పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. 6 గంటల కన్నా తక్కువైతే ఊరదు, 72 గంటలు దాటితే ఆర్‌ఎన్ఏ తునకలవుతుంది. శనివారం తీసిన ముక్క బుధవారం దాకా డబ్బాలో ఉండిపోవడం అసాధారణం ఏమీ కాదు. ఎముక నుంచి ముక్క తీస్తే ఇంకో గండం: సున్నం కరిగించడానికి గాఢ ఆమ్లం వాడితే డీఎన్ఏ, ఆర్‌ఎన్ఏ రెండూ నాశనమవుతాయి. ఈడీటీఏ అనే రసాయనంతో నెమ్మదిగా కరిగించమని ముందే చెప్పాలి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు ముక్కను పొదిగిన మైనపు బ్లాకులు కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకోండి. ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో రామగుండం ఎండకు కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టే వస్తువు కాదది.

ఇక చివరి కాగితం, పీఎస్ఎంఏ పెట్. పీఎస్ఏకూ దీనికీ పేరులోనే పోలిక, ఇది ఎఫ్ఓఎల్‌హెచ్1 అనే వేరే జన్యువు చేసే ప్రొటీన్. క్యాన్సర్ కణం పైపొర మీద ఇది చాలా రెట్లు పెరుగుతుంది, దానికి రేడియోధార్మిక గాలియం తగిలించిన అణువు అతుక్కుని వెలుగుతుంది. లాలాజల గ్రంథులు, కిడ్నీలు కూడా వెలుగుతాయి, అది జబ్బు కాదు. అలాంటి అణువుకు గాలియం బదులు, కణాలను చంపే రేడియేషన్ ఇచ్చే లుటీషియం తగిలిస్తే చికిత్స అవుతుంది, నోరు ఎండిపోవడం అందుకే. హార్మోన్‌ను ఆపినప్పుడు ఈ జన్యువు మొదట్లో ఇంకా తెరుచుకుంటుంది కాబట్టి ఇంజెక్షన్ మొదలైన కొద్దిరోజులకు తీసిన స్కాన్‌ను పాతదానితో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఎన్నో మందులు వాడాక కొందరిలో కణం ప్రోస్టేట్ గుణాన్నే వదిలేస్తుంది. ఆర్‌బీ1, టీపీ53 అనే బ్రేకు జన్యువులు పోయి, నాడీకణం లాంటి గుణాలు తెచ్చుకుంటుంది. కేఎల్‌కే3 మూత పడుతుంది, ఎఫ్ఓఎల్‌హెచ్1 మూత పడుతుంది. పీఎస్ఏ ఒకటి కూడా దాటదు, పీఎస్ఎంఏ స్కాన్‌లో ఏమీ వెలగదు, మనిషి మాత్రం చిక్కిపోతుంటాడు, కాలేయంలో గడ్డలు తేలుతాయి. అప్పుడు చక్కెర ఎక్కువగా వాడే కణాలను చూపే ఎఫ్‌డీజీ పెట్ తీసి, కాలేయం నుంచి కొత్త ముక్క తీసి, నాడీకణ గుణాలను పట్టి చూపే సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ రంగులు వేయించాలి. అవి పట్టితే హార్మోన్ మందులను నమ్ముకుని లాభం లేదు, కార్బోప్లాటిన్ లేదా సిస్‌ప్లాటిన్‌తో ఎటోపొసైడ్ కలిపి ఇచ్చే కీమోకు మారతారు.